రాయి మీద మధ్య గీత

స్లయిడ్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో కంటికి కనపడని గళ్ళు ఉంటాయి. తెర మీద ఏ పెట్టెను పట్టుకుని జరిపినా అది మనం వదిలిన చోట ఆగదు, దగ్గరలో ఉన్న గడి అంచుకు వెళ్ళి అతుక్కుంటుంది. పనిచేసేవాడి సౌకర్యం కోసం పెట్టిన ఏర్పాటు అది. రెండు పెట్టెలు ఒకే వరుసలో రావాలంటే కళ్ళు చికిలించి చూసుకోనక్కరలేదు. అయితే గళ్ళు మనకు కావలసిన చోట లేకపోతే చిక్కు వస్తుంది. పెట్టెను కొంచెం ఎడమకు జరిపితే ఒక గడి ఎక్కువ పోతుంది. కొంచెం కుడికి జరిపితే మళ్ళీ మొదటి చోటికే వస్తుంది. మధ్యలో ఆగమంటే ఆగదు.

నేను మండల ఆఫీసులో పనిచేస్తాను. నెలనెలా సమీక్షా సమావేశాలకు స్లయిడ్లు చేసేది నేనే. ఏ ఊరికి ఎన్ని ఇళ్ళు మంజూరయ్యాయి, ఎన్ని పునాది దాటాయి, ఎన్ని బోర్లలో నీళ్ళున్నాయి, ఇవన్నీ పెట్టెల్లో పెట్టాలి. పెట్టెలను వరుసలో పెట్టాలి. ఒక పెట్టె వెంట్రుకవాసి కిందికి దిగినా పై అధికారులు కనిపెట్టేవారు. బోర్లు ఎండిపోయిన సంగతికి రాని కోపం ఆ పెట్టెకు వచ్చేది. అందువల్ల ఈ గళ్ళతో ఎట్లా వేగాలో నాకు తెలుసు. ఒక మీట నొక్కి పట్టుకుని జరిపితే పెట్టె గళ్ళను పట్టించుకోదు. లేదా అది ఎక్కడ ఉండాలో అంకె వేసి చెప్పవచ్చు. అంకె కూడా ఒక్కోసారి నిలవదు. ఐదు అని వేసి, ఫైలు మూసి, మళ్ళీ తెరిస్తే ఐదుకు ఇసుమంత తక్కువ చూపిస్తుంది. తెర మీద ఆ తేడా ఎవరికీ కనపడదు.

నా భార్యకు ఈ పని నేనే నేర్పాను. అప్పట్లో గిద్దలూరులో ఉద్యోగం. రైల్వే స్టేషనుకు దగ్గరగా ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. మాకు పిల్లలు లేరు. సాయంత్రాలు ఆమెకు తోచక నా పక్కన కూర్చుని నేను చేసేది చూసేది. తరవాత మా సొంత మండలానికే బదిలీ అయ్యి, ఊరికి వచ్చేశాం. ఊరంటే పెద్దారవీడు నుంచి మార్కాపురం వెళ్ళే దారిలో లోపలికి ఉంటుంది. ఆమెదీ అదే ఊరు. వచ్చిన కొన్నాళ్ళకు మా చర్చికి ఎవరో ప్రొజెక్టరు ఇచ్చారు. అప్పటినుంచి ఆదివారం పాటలను స్లయిడ్ల మీద వేసే పని ఆమెదయింది. పాటల పుస్తకంలో అక్షరాలు కనపడని ముసలివాళ్ళకు, పుస్తకం కొనని కుర్రవాళ్ళకు గోడ మీద పెద్ద అక్షరాలు బాగా నచ్చాయి. ఆమె వెనక వరసలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని, చరణం అయిపోగానే మీట నొక్కేది.

వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. మార్కాపురం తీసుకుపోయాం. అక్కడినుంచి ఒంగోలు. ఒంగోలునుంచి తిరిగి వచ్చేటప్పుడు నేను అంబులెన్సులో డ్రైవరు పక్కన కూర్చున్నాను. ఆ సంగతి ఇంతకుమించి రాయదలచుకోలేదు.

తరవాతి నెలల్లో నాకు ఏడుపు రాలేదు. ఆఫీసుకు వెళ్ళాను, స్లయిడ్లు చేశాను, అన్నం తిన్నాను. పుస్తకాలు చదివాను కూడా. చిన్నప్పటినుంచీ చదవడం నాకు అలవాటు. పుస్తకం పూర్తిచేసేవాణ్ణి, మర్నాడు అందులో ఏముందో గుర్తుండేది కాదు. దుఃఖం గురించి రాసిన పుస్తకాలు నా బీరువాలో చాలానే ఉన్నాయి. వాటిలో ఏది తెరిచినా, రాసినవాళ్ళు చక్కగా రాశారు అనిపించేది. అంతకుమించి ఏమీ అనిపించేది కాదు. చక్కగా రాయడం మీద నాకు నమ్మకం పోయింది అప్పుడే అనుకుంటాను.

మా ఊరి సమాధుల తోట చిన్నది. గుట్ట వాలులో ఉంటుంది, తవ్వితే అంతా రాయి. అందుకని మొగుడూపెళ్ళాలను పక్కపక్కనే పెట్టి, ఇద్దరి తలల వైపు కలిపి ఒకే రాయి నిలబెడతారు. పెళ్ళి ఫోటోలో నిలబడినట్టే ఎడమవైపు ఆయన పేరు, కుడివైపు ఆమె పేరు, మధ్యలో నిలువుగా ఒక గీత. ముందు పోయినవాళ్ళ పేరు చెక్కించి, రెండో సగాన్ని నున్నగా చేయించి ఖాళీగా వదిలేస్తారు. ఊళ్ళో సగం రాయి ఉన్నవాళ్ళు ఎప్పుడూ కొందరు తిరుగుతూనే ఉంటారు. ఎవరూ దాన్ని వింతగా చూడరు. మా అత్త, అంటే నా భార్య తల్లి, వాళ్ళలో ఒకరు. ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఈస్టరు ముందు అందరూ సమాధులు శుభ్రం చేస్తారు కదా, అప్పుడు ఆమె కొబ్బరిపీచుతో భర్త పేరు తోమి, తరవాత ఖాళీ సగం తోముకుంటుంది. "నా వాటా నేనే కడుక్కోవాల, కోడళ్ళొచ్చి కడుగుతారా" అని నవ్వేది.

పోయినవాళ్ళకు తరవాతి ఈస్టరు లోపల రాయి నిలబెట్టాలి. ఈస్టరు తెల్లవారుజామున ఊరంతా కొవ్వొత్తులతో తోటకు వస్తారు. రాయి లేని సమాధి ఉంటే ఇంటివాళ్ళకు తలవంపు. నేను మార్కాపురంలో పలక రాయి కోసే ఒక మేస్త్రి దగ్గర రాయి చెప్పాను. ఆకుపచ్చ, బూడిద రంగు కలిసిన రాయి, మూడున్నర అడుగుల వెడల్పు. పేర్లు ఎక్కడ ఎట్లా రావాలో నన్నే కంప్యూటర్లో వేసి పంపమన్నాడు. రాయి అంత ప్రింటు తీయించి, దాన్ని రాయి మీద అంటించి, అక్షరాల వెంట ఉలితో చెక్కుతారు.

కొత్త స్లయిడు తెరిస్తే నా దగ్గర తెలుగు అక్షరాలు విరిగిపోయాయి, ఒత్తులు పక్కకు వెళ్ళి కూర్చున్నాయి. ఆమె పాటల ఫైళ్ళలో అక్షరాలు సరిగ్గా ఉంటాయని తెలుసు. ఒక పాట ఫైలు తెరిచి, పల్లవి తీసేసి, ఆ పెట్టెలోనే ఆమె పేరు టైపు చేశాను. స్లయిడు మీద నిలువునా సన్నటి చుక్కల గీత ఒకటి ఉంది. అటువంటి గీతలు పనికి ఆసరాగా ఎవరైనా పెట్టుకుంటారు. మధ్యను చూపించే గీత అనుకుని, రాయి మీది గీతను దాని దగ్గరకు జరిపాను. ఠక్కున అతుక్కుంది. పేరు పెట్టెను కుడివైపుకు జరిపాను. అదీ అతుక్కుంది. ఎడమవైపు ఏమీ పెట్టలేదు. నా సగం ఖాళీగా ఉంచాలా వద్దా అని ఆలోచించి చేసిన పని కాదు. ఊళ్ళో రాళ్ళన్నీ అట్లాగే ఉంటాయి కాబట్టి చేశాను. మధ్యాహ్నం భోజనం లోపల పని అయిపోయింది. ఫోన్లో పంపేశాను.

కొన్నాళ్ళకు మేస్త్రి రమ్మని ఫోను చేశాడు. వెళ్ళేసరికి రాయిని బల్ల మీద పడుకోబెట్టి, దాని మీద ప్రింటు పరిచి ఉంచాడు. పక్కన ఇద్దరు మనుషులు ఇంకో రాయిని రుద్దుతున్నారు.

"రాండి సార్, రాండి. మీ డిజైనులో ఏందో తేడా కొట్టింది."

"ఏంది తేడా?"

"మీరే చూడండి. టేపు పెట్టి చూసినా. అమ్మగారి వైపు రెండడుగులు వచ్చింది. మీ వైపు చూస్తే అడుగున్నరే. గీత వచ్చి మీ నెత్తినెక్కి కూర్చున్నది."

నేను టేపు తీసుకుని కొలిచాను. అతను చెప్పిందే నిజం.

"ఇప్పట్నుంచే తిండి తగ్గించాల సార్ మీరు," అన్నాడు. "లేకపోతే ఇందులో పట్టరు."

రాయి రుద్దేవాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వాను. అది నవ్వాల్సిన చోటని తెలిసింది కాబట్టి నవ్వాను. మేస్త్రి నా మొహం చూసి తగ్గాడు.

"తప్పుగా అనుకోబాకండి సార్. నోరు ఊరుకోదు."

"పర్వాలేదు. మీరే ఇక్కడ సరిచేయలేరా?"

"కత్తిరించి అతికిస్తే అక్షరం వంకరపోతది. మీ కంప్యూటర్లోనే సరిజేసి పంపండి. లేదంటే ఒక మాట చెప్తా. ఆ గీత తీసేద్దాం. అమ్మగారి పేరు నడిమధ్యలో పెడదాం. పైన ఫోటో గూడ పడతది. రాయి నిండుగా ఉంటది."

"ఆలోచించి చెప్తాను."

"ఈస్టరు ఇంక ఎంతో లేదు. ముందు వారం మట్టల ఆదివారం వస్తది గదా, ఆ లోపల చెప్పండి సార్. మీ వాళ్ళ రాళ్ళన్నీ అప్పుడే పడతాయి నా మీద."

ప్రింటును చుట్టి చేతికిచ్చాడు. ఇంటికి తెచ్చి మంచం మీద పరిచాను. మా అమ్మ నాతోనే ఉంటుంది. నా భార్య పోయాక వంట ఆమెదే. అమ్మకు చదువు రాదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి ప్రింటును ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసింది. కోడలి పేరు ఉన్న చోట చెయ్యి వేసింది. తరవాత ఖాళీగా ఉన్న వైపు చూసింది.

"ఇదేంది, ఇక్కడేమీ లేదే?"

ప్రింటు చివర చుట్టుకుపోతుంటే దాని మీద దిండు పెట్టాను.

"నాయనా, నిన్నే. ఇది నీకా?"

"ఊళ్ళో అందరికీ అట్లనే గదా అమ్మా పెట్టేది."

"ఊళ్ళో అందరూ డెబ్బయ్యేళ్ళోళ్ళు. నీకేమయింది? దాని పేరు మధ్యలో పెద్దగా రాయించు. బైబిలు వచనం గూడ రాయించు. నేనేమన్నా వద్దన్నానా? నీ చోటు గీటు మాత్రం వద్దు. సమాధి మీద చోటు పట్టుకున్నోడికి పిల్లనెవరిస్తారు రా?"

"ఇప్పుడెవరు అడిగినారు పిల్లని?"

"ఇప్పుడు గాదులే. పొదిలి కాడ ఒక పిల్ల ఉందంట, దానికీ మొగుడు పోయినాడంట. మంచి పిల్లంట. రేపే చేసుకోమని నేను చెప్పడంలే. రాయి మాత్రం ఇప్పుడే గదా చెక్కేది? చెక్కినాక రబ్బరు పెట్టి తుడుస్తావా?"

నాకు నవ్వు వచ్చింది. అమ్మకు రాలేదు. ప్రింటును తనే చుట్టి, మంచం కింద పెట్టింది.

ఆ తరవాత కొన్ని సాయంత్రాలు ఆ ఫైలు ముందు కూర్చున్నాను. గీతను పట్టుకుని మధ్యకు జరిపేవాణ్ణి. ఒక గడి ఎక్కువ పోయేది. వెనక్కి లాగితే ఆ చుక్కల గీతకే వెళ్ళి అతుక్కునేది. అంకె వేస్తే గీత మధ్యకు వచ్చేది కానీ, పేరు పెట్టె పాత చోటనే ఉండిపోయేది. పెట్టెను జరిపితే అది ఇంకో గడికి దూకేది. పైగా సాఫ్ట్‌వేర్ కొలిచేది పెట్టెనే, అక్షరాలను కాదు. ఆమె పేరులో కింద ఒక ఒత్తు ఉంది. ఆ ఒత్తు కోసం పెట్టె కింద చోటు తీసుకుంటుంది. పెట్టె వరుసలో ఉన్నా పేరు పైకి లేచినట్టు కనపడుతుంది. పేరును వరుసలోకి తెస్తే పెట్టె తప్పిందని గళ్ళు మళ్ళీ లాగుతాయి.

గళ్ళ పట్టును పూర్తిగా తీసేసే మీట ఎక్కడుందో నాకు తెలుసు. ఒక్కసారి నొక్కితే చాలు. నేను నొక్కలేదు. పని అయిపోతే మేస్త్రికి ఏదో ఒకటి చెప్పాలి. చోటు ఉంచుతున్నానా, తీసేస్తున్నానా అన్నది చెప్పాలి. అది తేలనంతవరకు గీతను అటూ ఇటూ జరుపుతూ కూర్చోవడం తేలిక. అమ్మ అన్నానికి పిలిచేదాకా అదే చేసేవాణ్ణి.

ఆదివారం చర్చికి వెళ్ళాను. ఆమె పోయాక పాటల స్లయిడ్లు వేసే పని పాస్టరుగారి భార్య చూస్తున్నారు. ఆమెకు కొత్తవి చేయడం రాదు, నా భార్య చేసి ఉంచినవే వేస్తారు. మా చర్చిలో తెర లేదు, ముందున్న గోడకు సున్నం కొట్టి దాని మీదే వేస్తారు. ఆ రోజు పాట నడుస్తుంటే గోడను చూశాను. గోడకు కుడి చివర స్విచ్చుల బోర్డు ఉంది. ప్రొజెక్టరు వెలుతురు ఆ బోర్డు మీద కూడా పడుతుంది. అక్షరాలు మాత్రం ఏ చరణంలోనూ బోర్డు దాకా పోవు. దానికి ఇవతలే ఆగిపోతాయి. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న గోడ అది.

ఆరాధన అయ్యాక పాస్టరుగారి భార్యను అడిగాను.

"అమ్మగారూ, ఆ స్లయిడ్ల మీద చుక్కల గీత ఒకటి ఉంటుంది, చూశారా?"

"దాన్ని కదిలించొద్దని అక్క చెప్పింది అన్నయ్యా. స్విచ్చుల బోర్డు పోను మిగిలిన గోడకు అదే మధ్యంట. మొదట్లో గుర్తు లేదా మీకు? చరణం చివరి మాటలు స్విచ్చుల మీద పడేవి. ఫ్యాను వేయడానికి ఎవరు లేచినా వాళ్ళ చేతి మీద హల్లెలూయ కనపడేది. పిల్లలు ఒకటే నవ్వు. అయ్యగారు పాట ఆపించి మరీ కోప్పడినారు. ఆ వారమే అక్క అన్నిటినీ ఎడమకు జరిపింది."

నాకు గుర్తు లేదు. అవునన్నాను.

గోడ కొలతలతో చేసిన దాని మీద రాయిని గీశాను. బోర్డు కోసం ఆమె ఎంత వదిలిందో, అందులో సగం మేర మధ్య గీత ఎడమకు వచ్చింది. స్లయిడు మీద వేలి వెడల్పు జరిగిన గీత, రాయంత చేసేసరికి మూడంగుళాలు జరిగింది, రెండు వైపులకూ ఆరంగుళాల తేడా వచ్చింది. ఇది తెలిసినప్పుడు మనసులో ఏదైనా కదులుతుందేమోనని చూసుకున్నాను. కదలలేదు. ఆఫీసులో లెక్క తేడా ఎక్కడుందో దొరికినప్పుడు కలిగేపాటి తృప్తి కలిగింది. దీన్ని ఆమె నాకు వదిలివెళ్ళిన సంకేతంగా చెప్పేవాళ్ళు ఉంటారు. నేను చెప్పను. ఆమె స్విచ్చుల బోర్డు కోసం గీత గీసుకుంది, అంతే.

బయట చెప్పులు వేసుకుంటుంటే అత్త కలిసింది. ఇద్దరం కలిసి నడిచాం.

"రాయి ఎంతవరకు వచ్చింది అల్లుడా?"

"కొలత తప్పింది అత్తా. ఆమె వైపు పెద్దదైంది, నా వైపు చిన్నదైంది. సరిచేయాలి."

ఆమె దారికి అడ్డంగా ఉన్న ముళ్ళకంపను కాలితో పక్కకు నెట్టింది.

"నా మాట వింటే రాయి మీద నీకని చోటు పెట్టుకోవద్దు," అంది.

నేను ఆగాను. చోటు ఉంచమని గట్టిగా అడిగే మనిషి ఈమెనే అనుకుంటున్నాను అప్పటిదాకా. తీసేస్తే ఈమె మొహం ఎట్లా చూడాలా అనుకుంటున్నాను.

"అదేంది అత్తా, నీది ఉంది గదా."

"ఉంది కాబట్టే చెప్తుండా. మొదట బాగనే ఉండె. కడుక్కొని వచ్చేదాన్ని. తర్వాత తర్వాత అది చూస్తే, కుర్చీ ఏసి పెట్టినాం, ఇంకా రాలేదేంది అన్నట్టుండేది. జరమొస్తే చాలు, ఇంక పొయ్యేదే గదా అని మందు గూడ మింగేదాన్ని కాదు. నా బిడ్డ వచ్చి తిట్టి మింగిచ్చేది. నీళ్ళు నోట్లో పోసి ముక్కు మూసేది, అంత మొండిది. ఇప్పుడు నాకు దిక్కు లేకపోయె. నీకు తిట్టేదానికి ఎవురున్నారు?"

"అమ్మ ఉంది."

"మీయమ్మకు నాకంటే ఏళ్ళెక్కువ." కొంగు సర్దుకుంది. "దాని పక్కన మట్టిలో చోటు ఎట్లనూ ఉంటది. రాయి మీద లేకపోతే ఏం? దాని పేరు మధ్యలో పెట్టిచ్చు."

వాళ్ళ సందు రాగానే, అన్నం తిని పొమ్మని నాలుగుసార్లు పిలిచి, నేను రానంటే విసుక్కుని వెళ్ళిపోయింది.

ఇక తేల్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. అమ్మ మాట, అత్త మాట, మేస్త్రి మాట ఒకటే. ఇంటికి వచ్చి కొత్త ఫైలు తెరిచాను. అక్షరాలు విరగకుండా ఆమె పేరు పెట్టెను పాత ఫైలునుంచి తెచ్చి అందులో వేశాను. చుక్కల గీత లేదు. మధ్యకు జరిపి వదిలాను. ఒక్కసారికే వెళ్ళి సరిగ్గా మధ్యలో ఆగింది. అంకెలు చూశాను. ఎడమకు ఎంతో కుడికీ అంతే, ఇసుమంత తేడా కూడా లేదు. అన్ని రోజులు ఎంత లాగినా కుదరనిది అప్పుడు ఏ శ్రమా లేకుండా కుదిరింది.

దాన్ని చూస్తూ కూర్చున్నాను. రాయి నిండుగానే ఉంది. ఆమె పేరు, కింద పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం. అటు చోటు, ఇటు చోటు. పెళ్ళి కాకుండానే పోయిన పిల్ల రాయిలా ఉంది. మా తోటలో అటువంటివి రెండు ఉన్నాయి, ఇట్లాగే ఉంటాయి. ఎవరో తెలియనివాళ్ళు చూస్తే ఈమె ఎవరితోనూ బతకలేదనుకుంటారు. గిద్దలూరు గదిలో నా పక్కన కూర్చున్న మనిషి కాదు ఈ రాయి మీద ఉన్నది. ఒంగోలునుంచి వచ్చాక ఏ సంగతిలోనూ నాకు కావాలనీ వద్దనీ అనిపించలేదు. ఇది మాత్రం వద్దు అనిపించింది.

అట్లాగని నా పేరుకు చోటు కట్టించుకుని, అత్త చెప్పినట్టు దాన్ని చూస్తూ బతకాలనీ లేదు. పొదిలి పిల్ల గురించి నేను ఆలోచించలేదు. ఎప్పుడూ ఆలోచించనని చెప్పడానికీ నాకు ధైర్యం లేదు. అది ఇప్పటికీ తెలియదు.

కొత్త ఫైలు మూసేశాను. పాతది తెరిచి, రాయి మీది నిలువు గీతను మాత్రం తీసేశాను. పేరు జోలికి పోలేదు. గోడ కోసం ఆమె పెట్టుకున్న కొలతలో కుడివైపు ఎక్కడ ఉందో అక్కడే ఉంచాను. ఎడమవైపు ఊరికే ఖాళీ. మేస్త్రికి పంపాను. కొంచెంసేపటికే ఫోను వచ్చింది.

"సార్, గీత పోయింది. పేరు మాత్రం పక్కకే ఉన్నది. సగమే పంపినారా?"

"అంతే. అట్లాగే చెక్కండి."

"గీత లేకుండా పక్కకా? అట్ల చెక్కితే చూసినోళ్ళు నన్నంటారు సార్. వీనికి టేపు పట్టేది రాదంటారు."

"కంప్యూటర్లో తప్పు పోయిందని చెప్పండి. నేనూ అదే చెప్తాను."

"మీరు పెద్ద పెద్ద ఆఫీసర్లకు చేసి పెట్టేటోళ్ళు. మీకు తప్పు పోతదా?"

"పోయింది."

అటునుంచి రాయి కోసే మర చప్పుడు వినపడింది.

"సరే సార్, మీ ఇష్టం. ఎవురు చేసిచ్చినారని అడిగితే మాత్రం నన్ను చెప్పబాకండి."

ఈస్టరుకు ముందు రాయి వచ్చింది, నిలబెట్టాం. తెల్లవారుజామున అందరూ తోటకు వచ్చారు. కొవ్వొత్తుల వెలుతురులో రాయి దగ్గర ఆగిన ప్రతివాళ్ళూ తలను కొంచెం కుడికి తిప్పి చదివారు. పేరు పక్కకు పోయిందే అని ఒకరిద్దరు అన్నారు. కంప్యూటర్లో తప్పు పోయింది, చూసుకోలేదు అన్నాను. అంతగా తెలియడం లేదులే అని పాస్టరుగారు సర్దిచెప్పారు. అత్త రాయిని పైనుంచి కిందికి చూసింది. నా వైపు ఒకసారి చూసింది. బిడ్డ పేరు కింద కొవ్వొత్తి నిలబెట్టి, మైనం కారి అంటుకునేదాకా పట్టుకుని కూర్చుంది.

అమ్మకు మాత్రం కోపం ఆగలేదు.

"డబ్బు తీసుకొని వంకరగా చెక్కిచ్చినాడే, వాణ్ణేమీ అనవా నువ్వు? అదుగో, అందరూ చూస్తా ఉండారు."

"మేస్త్రి తప్పు కాదమ్మా. నేను పంపింది అట్లా ఉంది."

"అయితే మళ్ళీ చేయిచ్చు. మధ్యలో పెట్టి."

"సరే."

ఆ తరవాత అమ్మ చాలాసార్లు అడిగింది. ఆఫీసు పని ఉందని ఒకసారి, మేస్త్రి ఊళ్ళో లేడని ఒకసారి చెప్పాను. మొన్న మళ్ళీ అడిగింది. అన్నం పెడుతూ, ఈ ఏడన్నా ఆ రాయి మార్పిస్తావా లేదా అంది.

"ఆ రంగు రాయి దొరకడంలేదంట అమ్మా."

మార్కాపురంలో పలక రాయి దొరకలేదంటే పసిపిల్లలు కూడా నమ్మరు. రోడ్డు పక్కన ఎక్కడ చూసినా రాయే, అన్ని రంగుల్లోనూ కుప్పలు పోసి ఉంటుంది. అమ్మ గరిటె పట్టుకుని నన్ను చూసింది.

"దొరికినప్పుడే చూద్దాంలే," అని ఇంకొంచెం పప్పు వేసింది.